రోడ్డు ఎవరి సొత్తు? రెండు నగరాలు చెప్పే సంగతి

(విద్యార్థులు, ఉద్యోగులు పాల్గొన్న అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల నేను రెండు నగరాల భూగోళం గురించి, రవాణా గురించి మాట్లాడదలచుకున్నాను. ఒకటి బ్రెజిల్‌లోని కురిటిబా. రెండోది కొలంబియా రాజధాని బొగోటా. రెండూ దక్షిణ అమెరికాలోనే ఉన్నా దేశాలు వేరు, భాషలు వేరు. ఒక ఊర్లో పోర్చుగీసు, ఇంకో ఊర్లో స్పానిష్.

ఎక్కడో భూగోళానికి అవతలి పక్కనున్న ఊర్ల ముచ్చట మనకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం ఉన్నది. ఈ రెండూ న్యూయార్కు, లండను లాంటి ధనిక నగరాలు కావు. బతుకుదెరువు కోసం పల్లెల నుంచి వచ్చిన జనంతో పెరిగిన నగరాలు. మెట్రో రైలు కట్టుకునేంత డబ్బు ఖజానాలో లేని నగరాలు. అట్లాంటి ఊర్లు బస్సు అనే మామూలు బండితో ప్రపంచమంతా వచ్చి చూసిపోయే పని చేశాయి. ఆ తర్వాత రెండూ దెబ్బలు కూడా తిన్నాయి. ఎక్కడ గెలిచాయి, ఎక్కడ తప్పాయి అన్నది తెలుసుకుంటే మన బస్టాపులో నిలబడినప్పుడు మనకు అడగాల్సిన ప్రశ్న దొరుకుతుంది.

ఆ ప్రశ్న ఏమిటో ముందే చెప్పేస్తాను. రవాణా అంటే ఇంజనీర్ల వ్యవహారమని మనం అనుకుంటాం. ఇంజనీర్ల పని అందులో ఉన్నది, కాదనను. కాని అసలు సంగతి అది కాదు. రోడ్డు అంటే భూమి. నగరం నడిబొడ్డున ప్రజలందరికీ ఉమ్మడిగా మిగిలిన ఖరీదైన భూమి అదే. ఆ భూమిలో కారుకు ఎంత, బస్సుకు ఎంత, సైకిలుకు ఎంత, కాలినడకన పోయే మనిషికి ఎంత? ఈ పంపకం పేరే రవాణా విధానం. వాటాల లెక్క అడగడం మనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు గదా!

సముద్రం దగ్గరే, దారి మాత్రం లేదు

ముందు కురిటిబా సంగతి చూద్దాం. దక్షిణ బ్రెజిల్‌లో పరానా అనే రాష్ట్రానికి ఇది రాజధాని. సముద్ర మట్టానికి సుమారు 930 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద ఉన్నది. చలికాలంలో మంచు గడ్డకట్టే రోజులు కూడా ఉంటాయి. అట్లాంటిక్ సముద్రం అక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల దూరమే. కాని మధ్యలో సెర్రా దో మార్ అనే కొండల వరుస గోడలాగా నిలబడి ఉన్నది. ఇంకో విచిత్రం చూడండి. ఆ ఊరి దగ్గర పుట్టే ఇగువాసు నది పక్కనే ఉన్న సముద్రంలోకి పోదు. వెనక్కి తిరిగి పడమర దిక్కుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి పరానా నదిలో కలుస్తుంది. పేరున్న ఇగువాసు జలపాతాలు ఈ నది మీదివే. నది పోయేది ఒక దిక్కు, సరుకు పోవాల్సింది ఇంకో దిక్కు.

1693లో మొదలైన ఈ ఊరు చాలా కాలం పశువుల మందలను తోలుకుపోయే వ్యాపారులకు మజిలీగా ఉన్నది. పరానా ప్రాంతం అప్పుడు సావో పౌలో ప్రావిన్సులో ఒక భాగం. 1853లో దాని నుంచి విడిపోయి ప్రత్యేక ప్రావిన్సు అయింది. ఆ మరుసటి ఏడు కురిటిబా రాజధాని అయింది. విడిపోవడం అనే మాట వింటే మన చెవులు ఊరుకోవు గనక ఇది చెప్తున్నాను. అయితే ఆ కొత్త ప్రావిన్సుకు మొదట ఎదురైన కష్టం ఏమిటి? పండిన పంట రేవుకు ఎట్లా చేరాలి? అక్కడి ప్రధాన సరుకు మాతే అనే ఆకు. మనం చాయ తాగినట్టు వాళ్లు ఆ ఆకును వేడినీళ్లలో వేసుకొని తాగుతారు. కొండలు దింపి రేవుకు చేర్చే గ్రాసియోసా రోడ్డు 1873 నాటికి పూర్తయింది. 1885లో కురిటిబా నుంచి పరనగువా రేవుకు 110 కిలోమీటర్ల రైలు దారి తెరిచారు. డజనుకు పైగా సొరంగాలు, లోయల మీద వంతెనలు. ఆ రైలు దారి రూపకల్పనలో పాలు పంచుకున్నవాళ్లు ఆంతోనియో, ఆంద్రే రెబోసాస్ అనే అన్నదమ్ములు. ఇద్దరూ నల్లజాతి ఇంజనీర్లు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. అంటే ఆ రైలు మొదలైనప్పటికి ఆ దేశంలో నల్లవాళ్లను ఇంకా అమ్మడం, కొనడం సాగుతున్నది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కురిటిబా జనాభా 1960లో మూడున్నర లక్షలు. 1980 నాటికి పది లక్షలు దాటింది. ఇరవై ఏండ్లలో మూడింతలు! 1975 జూలైలో పరానా ఉత్తర భాగంలో మంచు కురిసి కాఫీ తోటలు మాడిపోయాయి. వాటి స్థానంలో సోయా వచ్చింది, సోయాతో ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరు వచ్చిన చోట కూలీకి పని ఉండదు. ఆ కూలీలు మూటముల్లె సర్దుకొని నగరాల బాట పట్టారు. వలస అంటే ఏమిటో పాలమూరు బిడ్డలకు నేను విడమరచి చెప్పనక్కర లేదు.

ముందు బాట, తర్వాత మేడ

జనం ఇట్లా వస్తారని కురిటిబా ముందే లెక్క వేసుకున్నది. 1965లో జార్జ్ విల్‌హైమ్ అనే వాస్తుశిల్పి బృందం ఒక ప్రణాళిక తయారు చేసింది. అదే ఏడు ఇప్పుక్ అనే నగర ప్రణాళికా సంస్థను పెట్టారు. 1966లో మాస్టర్ ప్లాను చట్టమైంది. 1940లలో వేసిన పాత ప్లానులో నగరం చుట్టూ వలయాలుగా వెడల్పు రోడ్లు గీశారు. కొత్త ప్లాను ఆ ఆలోచనను తలకిందులు చేసింది. నగరం వలయంలాగా ఉబ్బగూడదు, చేతి వేళ్లలాగా కొన్ని దారుల వెంట చాచుకోవాలన్నది.

ఆ దారి ఎట్లా ఉంటుందో చూడండి. నడిమి రోడ్డులో మధ్యన రెండు వరుసలు బస్సుకే. అందులోకి ఇంకో బండి రాగూడదు. దానికి రెండు పక్కల స్థానికంగా తిరిగే బండ్లకు నెమ్మది దారులు. ఒక వీధి అవతల ఈ పక్క, ఆ పక్క వేగంగా పోయే వన్‌వే రోడ్లు. ఒకటి నగరంలోకి, ఒకటి బయటికి. కొత్తగా భారీ రోడ్డు కోసం ఇండ్లు కూలగొట్టకుండా ఉన్న మూడు వీధులనే కలిపి ఒక దారిగా వాడుకున్నారు. ఎత్తయిన భవనాలకు అనుమతి ఈ దారుల వెంటే ఇచ్చారు. దారి నుంచి దూరం పోయినకొద్దీ భవనాల ఎత్తు తగ్గుతుంది. ఎక్కువ మంది ఉండేది బస్సు బాట పక్కనే గనక బస్సు ఎప్పుడూ నిండుగా పోతుంది. బస్సు నిండుగా పోతే వెంటవెంటనే ఇంకో బస్సు వేయవచ్చు. ఇందులో ఉన్న కిటుకు ఇదే. మనకాడ ముందు మేడలు లేస్తాయి, తర్వాత వాటికి రోడ్డు వెతుకుతారు. అక్కడ ముందు బాట వేసి, తర్వాత మేడను బాట దగ్గరికి రమ్మన్నారు.

1971లో జైమీ లెర్నర్ అనే వాస్తుశిల్పి మేయరు అయ్యారు. 1972లో నగరం నడిబొడ్డున ఉన్న రువా క్విన్జే అనే పెద్ద బజారు వీధిలో బండ్లు బంద్ చేసి నడిచేవాళ్లకు వదలాలని నిర్ణయించారు. దుకాణదారులు ఒప్పుకోలేదు. కోర్టుకు పోయే లోపలే పని కావాలని శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి 72 గంటల్లో వీధి మార్చేశారు. కార్లవాళ్లు బలవంతంగా దూసుకొస్తామంటే మేయరు వీధి నిండా కాగితాలు పరిపించి పిల్లలను బొమ్మలు గీయడానికి కూర్చోబెట్టారు. కార్లు వెనక్కి పోయాయి. వ్యాపారం పడిపోతుందన్న దుకాణదారులకు గిరాకీ పెరిగింది. తర్వాత పక్క వీధులవాళ్లు కూడా మాకూ అట్లాగే చేయండన్నారు.

1974లో ప్రత్యేక బాటలో ఎక్స్‌ప్రెస్ బస్సులు మొదలయ్యాయి. 1980 నుంచి నగరంలో ఒకే టికెట్టు ధర. దగ్గరికి పోయినా అంతే, దూరం పోయినా అంతే, టర్మినల్‌లో బస్సు మారినా మళ్లీ డబ్బు కట్టే పని లేదు. దీంట్లో న్యాయం ఏమిటో ఆలోచించండి. దగ్గరి ప్రయాణాలు చేసేది ఊరి నడుమ ఉండే కలిగినవాళ్లు. దూరం నుంచి వచ్చేది శివార్లలో ఉండే పేదవాళ్లు. ఒకే ధర పెడితే దగ్గరివాడి టికెట్టులో కొంత దూరంవాడికి ఆసరా అవుతుంది.

1991లో గొట్టం ఆకారపు స్టాపులు వచ్చాయి. గాజు గొట్టంలాగా ఉంటుంది. లోపలికి పోయేటప్పుడే డబ్బు కట్టాలి. గొట్టం లోపలి గచ్చు, బస్సు గచ్చు ఒకే ఎత్తులో ఉంటాయి. బస్సు ఆగగానే తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. మెట్లెక్కే పని లేదు, చిల్లర కోసం కండక్టరుతో తగాదా లేదు. ముసలివాళ్లు, చక్రాల కుర్చీవాళ్లు నేరుగా లోపలికి పోవచ్చు. మరుసటి ఏడు మూడు డబ్బాలు కలిపిన 25 మీటర్ల పొడవు బస్సులు వచ్చాయి. ఒక్కో బస్సులో 270 మంది దాకా పడతారు. రంగును చూసి బస్సును గుర్తుపట్టవచ్చు. ఎర్రది ఎక్స్‌ప్రెస్, నారింజ రంగుది పేటల నుంచి టర్మినల్‌కు తెచ్చేది, ఆకుపచ్చది పేటకూ పేటకూ మధ్య తిరిగేది. చదువు రానివాళ్లకు ఇది ఎంత అక్కరకొస్తుందో చెప్పనక్కర లేదు.

బస్సులు నడిపేది ప్రైవేటు కంపెనీలే. కాని దారి, ధర, సమయం నిర్ణయించేది నగర పాలన. 1980ల చివరి నుంచి కంపెనీలకు ఎక్కించుకున్న మనుషుల లెక్కన కాకుండా నడిపిన కిలోమీటర్ల లెక్కన డబ్బు ఇచ్చారు. అందుకని జనం తక్కువ ఉండే దారిలో బస్సు వేస్తే నష్టమన్న బెంగ కంపెనీకి లేదు.

ఇంత చెప్పాక లోపాలు కూడా చెప్పాలి. లెర్నర్‌ను మొదట మేయరుగా నియమించింది సైనిక ప్రభుత్వం. ప్రజలు ఎన్నుకోలేదు. 1988లో మాత్రం ఎన్నికల్లో గెలిచి వచ్చారు. రెండో లోపం, బాట పక్కన భూమి ధర పెరిగి పేదవాళ్లు నగరం హద్దు దాటి పక్క మునిసిపాలిటీలకు పోయారు. ప్రణాళిక ఊరి హద్దు దగ్గర ఆగిపోయింది, జనం ఆగలేదు. 1990లలో పక్క ఊర్ల బస్సులను కలుపుకున్నారు గాని, 2015లో రాష్ట్ర ప్రభుత్వానికీ నగర పాలనకూ సబ్సిడీ దగ్గర తగాదా వచ్చి ఆ ఉమ్మడి ఆర్థిక ఏర్పాటు తెగిపోయింది. బ్రెజిల్ నగరాల్లో తలసరి కార్లు ఎక్కువ ఉన్న ఊర్లలో కురిటిబా ఒకటి. బస్సు ఎక్కేవాళ్లు తగ్గుతూ వచ్చారు. మెట్రో మాట చాలాసార్లు వచ్చింది గాని కట్టలేదు. 2021లో లెర్నర్ చనిపోయే నాటికి ఆయన కట్టిన పేరు మిగిలింది గాని, పాత పేరు మీద ఎన్నాళ్లు బతుకుతామన్న ప్రశ్న ఆ ఊరి జనమే వేసుకుంటున్నారు.

ఊటీ కంటే ఎత్తున, రూపాయి కోసం కొట్లాట

ఇక బొగోటాకు పోదాం. భూమధ్యరేఖకు కొంచెం ఉత్తరాన ఉన్నది. లెక్క ప్రకారం ఎండలు మండిపోవాలి. కాని 2,600 మీటర్ల ఎత్తున ఉన్నది గనక ఏడాది పొడుగునా చలిచలిగానే ఉంటుంది. మన ఊటీ కంటే ఎత్తు. తూర్పున కొండల గోడ, అందులో మోన్‌సెర్రాతే శిఖరం 3,152 మీటర్లు. పడమరన బొగోటా నది. తూర్పుకు కొండ అడ్డం గనక నగరం ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా సాగింది. వీధులకు అంకెలే పేర్లు. కొండలకు సమాంతరంగా పోయేవి కర్రేరాలు, కొండ దిక్కు నుంచి పడమరకు దిగేవి కాయేలు. ఉత్తరాన కలిగినవాళ్లు, దక్షిణాన పేదవాళ్లు. దక్షిణాన సియుదాద్ బొలీవార్ అనే ప్రాంతంలో కొండ వాలుల మీద పేదల ఇండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పటం చూస్తే చాలు, ఎవరు ఎంత దూరం నుంచి పనికి రావాలో తెలిసిపోతుంది.

బొగోటాలో 1884లో కంచరగాడిదలు లాగే ట్రాములు మొదలయ్యాయి. 1910 నుంచి కరెంటు ట్రాములు వచ్చాయి. 1948 ఏప్రిల్ 9న హోర్హె ఎలియేసర్ గైతాన్ అనే ప్రజానాయకుడిని నగరం నడివీధిలో కాల్చి చంపారు. కోపంతో జనం విరుచుకుపడ్డారు, నగరం తగలబడింది, ట్రాములు కాలిపోయాయి. 1951 కల్లా ట్రాము సర్వీసు పూర్తిగా మూతబడింది. ఆ తర్వాత పల్లెల్లో హింస చెలరేగి, ప్రాణభయంతో జనం నగరానికి తరలి వచ్చారు. 1951లో ఏడు లక్షలున్న జనాభా 1973కు ఇరవై ఎనిమిది లక్షలైంది. ఇప్పుడు దాదాపు ఎనభై లక్షలు.

ట్రాములు పోయిన చోట ప్రైవేటు బస్సులు వచ్చాయి. దారి పర్మిట్టు కంపెనీ పేరు మీద, బండి ఒక చిన్న యజమానిది, నడిపేది ఇంకొకరు. డ్రైవరుకు జీతం లేదు, ఎక్కించుకున్న మనిషికి ఇంత అని లెక్క. అందుకని ఒక్క మనిషి కోసం రెండు బస్సులు పోటీ పడేవి. ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆపడం, ముందు బస్సును దాటడానికి దూకుడు, ప్రమాదాలు, పొగ. దీనికి అక్కడి జనం పెట్టిన పేరు పైసా యుద్ధం. తప్పు డ్రైవరుది కాదు. రోజుకు పద్నాలుగు, పదిహేను గంటలు స్టీరింగు పట్టుకుంటే తప్ప పొయ్యి వెలగని ఏర్పాటుది. మన సెట్విన్ బస్సులు, సెవెన్ సీటర్ ఆటోలు చూసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు.

కారుకు వంతెన వద్దు, బస్సుకు బాట

బొగోటా మేయరును ప్రజలు నేరుగా ఎన్నుకోవడం 1988 నుంచి మొదలైంది. ఇది ముఖ్యమైన సంగతి. 1995లో ఆంటనస్ మోకుస్ అనే తత్త్వశాస్త్ర ఆచార్యుడు మేయరయ్యారు. ట్రాఫిక్ నిబంధనలు తప్పేవాళ్లను ఆటపట్టించడానికి కూడళ్లలో మూకాభినయ కళాకారులను నిలబెట్టారు. జరిమానాకు బెదరనివాళ్లు నలుగురిలో నవ్వుల పాలైతే సిగ్గుపడ్డారు.

1998లో ఎన్రిక్ పెన్యలోసా వచ్చారు. అప్పటికే జపాన్ సహకార సంస్థ జైకా 1996లో ఇచ్చిన నివేదిక బల్ల మీద ఉన్నది. నగరంలో పైవంతెనల మీద వేగ రహదారులు కట్టాలన్నది అందులో ఒక సిఫారసు. పెన్యలోసా దాన్ని పక్కన పెట్టారు. కారు ఉన్నవాళ్ల కోసం నగరం అప్పు చేయనక్కర లేదన్నారు. ఆ డబ్బుతో బస్సు బాటలు, సైకిల్ బాటలు, గ్రంథాలయాలు, పాదబాటలు కట్టారు. పాదబాటల మీద కార్లు నిలిపే అలవాటును తీసేస్తే కార్లవాళ్లు మండిపడి ఆయన్ను దించాలని సంతకాలు సేకరించారు. ఆయన తగ్గలేదు.

2000 డిసెంబర్‌లో ట్రాన్స్‌మిలేనియో మొదలైంది. కురిటిబా ఆలోచననే తెచ్చుకున్నారు గాని ఒక మార్పు చేశారు. కురిటిబాలో బస్సుకు అటు ఒకటి, ఇటు ఒకటి వరుస. బొగోటా ముఖ్యమైన దారుల్లో అటు రెండు, ఇటు రెండు వరుసలిచ్చింది. దానివల్ల స్టేషన్‌లో ఆగిన బస్సును దాటుకొని ఎక్స్‌ప్రెస్ బస్సు పోవచ్చు. ఈ ఒక్క మార్పుతో గంటకు ఒక దిక్కున నలభై వేల మందికి పైగా పోయే శక్తి వచ్చింది. చాలా మెట్రోలు కూడా ఇంతమందిని మోయలేవు. పాత బస్సు యజమానులనే కంపెనీలుగా కట్టి టెండరు వేయమన్నారు. చెల్లింపు కిలోమీటరు లెక్కన. డ్రైవరుకు నెల జీతం, షిఫ్టు వచ్చాయి. ఆ దారుల్లో పైసా యుద్ధం ఆగింది. చిన్న యజమానులు కొందరు ఈ మార్పులో నష్టపోయారన్నది కూడా నిజం. నిర్మాణానికి డబ్బు ఎక్కడిది? పెట్రోలు మీద వేసిన సర్‌చార్జిలో పెద్ద వాటా దీనికి మళ్లించారు, కేంద్ర ప్రభుత్వం కొంత ఇచ్చింది. అంటే కారు వాడేవాడు బస్సు బాటకు డబ్బు కట్టాడు.

బొగోటాకు ఇంకో మంచి అలవాటు ఉన్నది. 1974 నుంచి మొదలైన సిక్లోవియా. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా వంద కిలోమీటర్లకు పైగా రోడ్లు మోటారు బండ్లకు బంద్. సైకిళ్లు, నడిచేవాళ్లు, పిల్లాపాపలు రోడ్డెక్కుతారు. 2000లో కార్లు లేని రోజు పెట్టి, అదే ఏడు ప్రజల ఓటుతో ఏటా జరపాలని తీర్మానించుకున్నారు. కారు లేనివాళ్లే ఎక్కువ ఉన్న ఊర్లో ఓటు పెడితే ఏమవుతుందో అర్థం చేసుకోండి. కురిటిబాలో సైన్యం నియమించిన మేయరు మొదలుపెట్టిన పని బొగోటాలో ఎన్నికైన మేయరు చేసి చూపాడు. నియంత ఉంటేనే నగరం బాగుపడుతుందని చెప్పేవాళ్లకు ఇదే జవాబు.

గెలిచిన చోటే దెబ్బ

మరి బొగోటాలో అంతా బాగున్నదా? లేదు. బస్సు బాటలు వంద కిలోమీటర్లు దాటినాయి గాని, మొదట అనుకున్నంత వేగంగా పెరగలేదు. జనం మాత్రం పెరిగారు. మూడో దశ పనుల్లో కాంట్రాక్టుల కుంభకోణం బయటపడింది. మేయరు శామ్యూల్ మోరెనో 2011లో సస్పెండయ్యారు, తర్వాత కోర్టు శిక్ష వేసింది. విమానాశ్రయం దిక్కు పోయే ఆ దారి 2012 మధ్యలో గాని తెరవలేదు. అదే ఏడు మార్చిలో బస్సుల్లో ఊపిరాడని రద్దీ మీద విద్యార్థులు, ప్రయాణికులు రోడ్ల మీదికి వచ్చారు, స్టేషన్లు ధ్వంసమయ్యాయి. ఒకప్పుడు ప్రపంచం మెచ్చిన వ్యవస్థనే జనం తిట్టుకున్నారు. రోజుకు ఇరవై లక్షల మందికి పైగా ఎక్కే వ్యవస్థను పెంచకుండా వదిలేస్తే జరిగేది అదే.

ఇంకో లోపం లోతైనది. బొగోటా బస్సు బాటను కురిటిబా నుంచి తెచ్చుకున్నది గాని, ఇండ్లు ఎక్కడ కట్టాలన్న నిబంధనను తెచ్చుకోలేదు. దారి ఒక చోట, పేదల ఇండ్లు దక్షిణాన కొండల మీద, ఉద్యోగాలు ఉత్తరాన. అందుకని ఉదయం ఒక దిక్కు బస్సులు పగిలిపోతాయి, తిరిగి వచ్చేవి ఖాళీగా వస్తాయి. కొండ మీది జనం బస్సు బాట దాకా దిగి రావడానికే గంట పట్టేది. 2018 డిసెంబర్‌లో సియుదాద్ బొలీవార్‌కు తీగల మీద నడిచే కేబుల్ కారు వేశారు. 3.3 కిలోమీటర్లు, నాలుగు స్టేషన్లు. గంట ప్రయాణం పదమూడు నిమిషాలకు తగ్గింది. కొండలెక్కే విహారం కోసం కాదు, కూలికి పోయి ఇల్లు చేరడానికి వేసిన తీగ అది. నగర బస్సుల్లో 1,400కు పైగా కరెంటు బస్సులు చేరాయి. దశాబ్దాలుగా మాటలకే పరిమితమైన మెట్రో పనులు 2021లో మొదలయ్యాయి. 2028లో నడుస్తుందని చెప్తున్నారు.

వేలు పెట్టి చూపాల్సిన లెక్క

రెండు నగరాలను పక్కపక్కన పెడితే మనకు కనబడేది ఏమిటి? భూగోళం రెండింటికీ అనుకూలం కాదు. ఒకదానికి సముద్రానికి అడ్డంగా కొండలు, ఇంకోదానికి నెత్తి మీద కొండలు. డబ్బు రెండింటికీ తక్కువ. అయినా పని జరిగింది. కారణం ఒకటే. రోడ్డు వెడల్పులో బస్సుకు ముందు వాటా ఇచ్చి, మిగిలింది కారుకు ఇచ్చాయి. దెబ్బ తగిలింది కూడా వాటా దగ్గరే. కురిటిబా తన వాటాను ఊరి హద్దు దాటించలేదు, బొగోటా జనం పెరిగినకొద్దీ పెంచలేదు.

చిన్న లెక్క చెప్తాను. ట్రాన్స్‌మిలేనియో మొదట నడిపిన జంట బస్సు పొడవు 18 మీటర్లు. అందులో 160 మంది పడతారు. అదే 160 మంది కార్లలో పోతే? కారుకు సగటున ఒకటిన్నర మంది అనుకుంటే 107 కార్లు కావాలి. కారుకూ కారుకూ మధ్య ఖాళీతో కలిపి ఒక్కోదానికి ఆరు మీటర్లు వేసుకుంటే 640 మీటర్ల వరుస. పద్దెనిమిది మీటర్లలో పోయే మనుషులు ఆరు వందల నలభై మీటర్లు ఆక్రమిస్తారు. ఆ 640 మీటర్ల వెనక ఇరుక్కున్న బస్సులో నిలబడి మనం, ట్రాఫిక్ జామ్ అని నిట్టూరుస్తాం. జామ్ ఎవరు చేశారో అడగం.

ఇది మన దేశానికి రాని ఆలోచన కాదు. 2008లో ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా బస్సు బాట వేశారు. కార్లవాళ్లు గోల పెట్టారు, పత్రికలు వంత పాడాయి. హైకోర్టుకు పోతే 2012లో కోర్టు బస్సు పక్షానే నిలిచింది. అయినా 2016లో దాన్ని పీకేశారు. 2009లో అహ్మదాబాద్‌లో వేసింది నిలబడింది. విశాఖపట్నంలో అదే పేరుతో రోడ్లు వెడల్పు చేశారు. బీఆర్‌టీఎస్ రోడ్డు అన్న పేరు జనం నోట మిగిలింది.

మన సంగతికి వస్తే, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు. మంచిదే. బస్సు నిండా మా అక్కలు, చెల్లెండ్లు కనబడుతున్నారు. కాని టికెట్టు తీసేయడం ఒక సగం. ఆ బస్సు పోవడానికి బాట ఇవ్వడం రెండో సగం. పైవంతెన కట్టినప్పుడల్లా మనం చప్పట్లు కొడుతున్నాం. ఆ వంతెన మీద బస్సు పోతున్నదా, బస్టాపు వంతెన కింద చీకట్లో మిగిలిందా అని చూస్తున్నామా? ఎవరి ప్రభుత్వం ఉన్నా ఈ ప్రశ్న మారదు.

మిత్రులారా, చివరగా ఒక పని అప్పజెప్తాను. ఇక్కడున్న విద్యార్థులు ఇద్దరిద్దరుగా మీ మీ ఊర్లలో ఒక పెద్ద కూడలి దగ్గర ఉదయం తొమ్మిది నుంచి పది దాకా నిలబడండి. ఒకరు బస్సులు, అందులో మనుషులు, ఇంకొకరు కార్లు, అందులో మనుషులు లెక్కపెట్టండి. సైకిలు మీద పోయేవాళ్లను, నడిచేవాళ్లను మరిచిపోవద్దు. తర్వాత టేపు పట్టుకొని రోడ్డు వెడల్పు, పాదబాట వెడల్పు కొలవండి. ఉద్యోగులు రోజుకు ఎన్ని గంటలు బస్టాపులో, బస్సులో పోతున్నాయో ఒక వారం రాసుకోండి. ఆ కాగితాలు పట్టుకొని వచ్చే తరగతికి రండి. అందరి లెక్కలూ కలిపి మునిసిపల్ కమిషనరుకు ఇద్దాం. రోడ్డులో మన వాటా ఎంతో మొదట మనకు తెలియాలి. అప్పుడు అడగడం తేలిక.